పగలు పెళ్లి ఎడిటింగ్, రాత్రి గేమ్స్: ఒకే పీసీకి ఏ పార్టులు తీసుకోవాలి?

"ఎడిటింగ్‌కైతే ఇంటెల్, గేమింగ్‌కైతే ఏఎమ్‌డీ." సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) వెళ్లి కొత్త సిస్టమ్ గురించి అడిగితే కౌంటర్ అవతలి నుంచి తరచుగా వినిపించే మాట ఇది. మరి రెండూ చేస్తామంటే? అప్పుడు షాపులో ఏ స్టాక్ ఉంటే సలహా అటు మొగ్గుతుంది. ఒకప్పుడు ఆ మాటకు గట్టి కారణమే ఉండేది. 2025 మొదట్లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు వచ్చాక ఆ కారణం చాలావరకు పోయింది. సలహా మాత్రం ఇంకా మారలేదు.

పెళ్లిళ్లు, ఫంక్షన్లు షూట్ చేసి తామే ఎడిట్ చేసుకునేవాళ్లు, యూట్యూబ్ చానెల్ నడిపేవాళ్లు, పని అయ్యాక అదే పీసీలో గేమ్స్ ఆడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పోలిక వాళ్ల కోసం. గేమ్స్ మాత్రమే ఆడేవాళ్లకు ఇంత ఆలోచన అక్కర్లేదు. ఎడిటింగ్ మాత్రమే చేసేవాళ్లైతే యాపిల్ ఎం4 మ్యాక్ మినీ కూడా ఒకసారి చూడండి. సైజు చిన్నదైనా హెచ్.265, ప్రోరెస్ అనే వీడియో ఫార్మాట్ల ఫైళ్ల దగ్గర అది బాగా పనిచేస్తుంది. గేమ్స్ మాటెత్తితే దాన్ని పక్కన పెట్టాల్సిందే.

ముందు మీ కెమెరా ఫైల్ చూడండి

పార్టుల లిస్టు రాసుకునే ముందు ఒక చిన్న పని చేయండి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుని, మీరు రోజూ ఎడిట్ చేసే క్లిప్ ఒకటి అందులో తెరవండి. వీడియో అన్న భాగంలో మూడు లైన్లు చూస్తే చాలు. ఫార్మాట్ దగ్గర ఏవీసీ ఉందా, హెచ్ఈవీసీ ఉందా? ఏవీసీ అంటే హెచ్.264, హెచ్ఈవీసీ అంటే హెచ్.265. క్రోమా సబ్‌శాంప్లింగ్ దగ్గర 4:2:0 ఉందా, 4:2:2 ఉందా? బిట్ డెప్త్ 8 ఉందా, 10 ఉందా? ఏ ప్రాసెసర్ కొనాలి, ఏ కార్డ్ కొనాలి అన్నది సగం ఈ మూడు లైన్లే చెప్పేస్తాయి.

ఫోన్లు మామూలుగా తీసే వీడియోలు, డ్రోన్ ఫుటేజ్‌లో ఎక్కువ భాగం 4:2:0లో ఉంటాయి. ఈ మధ్య వచ్చిన ఏ గ్రాఫిక్స్ కార్డ్ అయినా వాటిని అవలీలగా తిప్పేస్తుంది. తంటా అంతా 10-బిట్ 4:2:2తోనే. ఇందులో రంగుల సమాచారం ఎక్కువగా ఉంటుంది కాబట్టి గ్రేడింగ్‌లో, అంటే రంగులు సరిదిద్దేటప్పుడు, బాగా పనికొస్తుంది. మండపంలో పసుపు లైట్లు, ఎర్ర పట్టుచీర, స్టేజి మీద నీలం ఎల్‌ఈడీలు కలిసిన చోట ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు పెళ్లిళ్లు షూట్ చేసేవాళ్లు చాలామంది దీనికే మారారు. అయితే 40 సిరీస్ దాకా వచ్చిన ఎన్‌విడియా జీఫోర్స్ కార్డులు 4:2:2ని డీకోడ్ చేయలేవు, అంటే ఆ ఫైల్‌ను విప్పి ప్లే చేసే పని వాటికి రాదు. ఏఎమ్‌డీ రేడియాన్ కార్డులకు ఇప్పటికీ అది చేతకాదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో వీడియో పని చూసే క్విక్ సింక్ అనే భాగం మాత్రం 11వ తరం నుంచి హెచ్.265 4:2:2ని చదువుతోంది. "ఎడిటింగ్‌కి ఇంటెల్" అన్న మాట స్థిరపడడానికి పెద్ద కారణం ఇదే.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. సోనీ ఏ7 ఫోర్ కెమెరాలో 4కే 25 ఫ్రేములకు ఎక్స్‌ఏవీసీ ఎస్ ఫార్మాట్, 4:2:2 10-బిట్ పెట్టుకుంటే వచ్చే ఫైల్ 140 ఎంబీపీఎస్ హెచ్.264. హెచ్.265 కాదు. కోర్ అల్ట్రా 200 సిరీస్ దాకా ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌ల క్విక్ సింక్ ఈ రకం ఫైల్‌ను చదవదు. అంటే ఎడిటింగ్ కోసమని ఎక్కువ పెట్టి ఇంటెల్ కొన్నా, ఈ ఫైళ్ల విషయంలో లాభమేమీ ఉండదు, భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది. అదే కెమెరాలో తలంబ్రాలు స్లో మోషన్ కోసం 50 ఫ్రేముల్లో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌లో తీస్తే అది హెచ్.265 అవుతుంది, దాన్ని క్విక్ సింక్ చదువుతుంది. ఒకే పెళ్లిలో, ఒకే కెమెరాలో రెండు రకాల ఫైళ్లు! ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులు ఈ రెండింటినీ డీకోడ్ చేస్తాయి.

ఇప్పుడున్న పీసీలో ఇది పరీక్షించుకోవచ్చు. టైమ్‌లైన్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లి, గ్రాఫిక్స్ కార్డ్ కింద వీడియో డీకోడ్ గ్రాఫ్ చూడండి. అది కదలకుండా పడుకుని, సీపీయూ మాత్రం 90 శాతం దాటుతుంటే మీ ఫైల్‌ను కార్డ్ పట్టించుకోవడం లేదన్నమాట. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇంకో మాట. ఉచిత వెర్షన్‌లో 10-బిట్ 4:2:2 ఫైళ్లకు పరిమితులున్నాయి. కార్డ్ డీకోడర్‌ను పూర్తిగా వాడుకోవాలంటే స్టూడియో లైసెన్స్ కావాలి. అది ఒక్కసారి కొంటే సరిపోతుంది, నెలనెలా కట్టే పని లేదు. ఖరీదైన కార్డ్ కొని ఉచిత వెర్షన్ వాడడం కంటే, ఒక మెట్టు కింది కార్డ్ కొని ఆ మిగులుతో స్టూడియో తీసుకోవడం మేలు.

గ్రాఫిక్స్ కార్డ్: బడ్జెట్‌లో పెద్ద వాటా దీనిదే

ఎడిటింగ్, గేమింగ్ రెండూ ఒక్కమాట మీద నిలబడేది కార్డ్ దగ్గరే. మొత్తం బడ్జెట్‌లో 35 నుంచి 40 శాతం దీనికి పెట్టొచ్చు.

అందరూ అడిగే ప్రశ్న ఎన్‌విడియానా, రేడియానా అని. గేమ్స్ వరకే చూస్తే ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ చాలా మంచి కార్డ్. 16 జీబీ మెమరీతో, పెట్టిన డబ్బుకు ఫ్రేములు బాగా ఇస్తుంది. మీరు ఎడిట్ చేసేది 4:2:0 ఫుటేజ్, వాడేది రిజాల్వ్ అయితే నిస్సంకోచంగా తీసుకోండి. ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్లగిన్లు, బ్లెండర్ వాడుతున్నా, 4:2:2 ఫుటేజ్ వస్తున్నా ఎన్‌విడియానే సుఖం. ఎన్‌విడియా కార్డుల మీదే నడిచే CUDA అనే సాఫ్ట్‌వేర్ వేదిక మీద రాసిన ప్లగిన్లు ఇంకా చాలా ఉన్నాయి. ఏదో ఒక రోజు క్లయింట్ ఇచ్చిన టెంప్లేట్ ఒకటి రేడియాన్ మీద మొరాయిస్తే, డెలివరీ రోజున ఆ టెన్షన్ మనం పడాలి.

ఎన్‌విడియాలో ఏది? 5060 టీఐ అనే పేరుతో రెండు కార్డులున్నాయి, ఒకటి 8 జీబీ, ఒకటి 16 జీబీ. పేరు ఒకటే కాబట్టి బిల్లులో తేడా కనబడదు, పెట్టె మీద చూసుకోవాలి. 8 జీబీది ఈ పనికి వద్దు. 4కే టైమ్‌లైన్‌లో నాయిస్ రిడక్షన్ వేసి, మీద రెండు మూడు నోడ్లు (ఎఫెక్టుల మెట్లు) పెట్టగానే రిజాల్వ్ జీపీయూ మెమరీ నిండిపోయిందని చెప్పి ఆగిపోతుంది. కొత్త గేమ్స్ కూడా 1440పీలో టెక్స్చర్లు హై పెడితే 8 జీబీ చాలట్లేదు. 16 జీబీ 5060 టీఐ మాత్రం బడ్జెట్‌లో ఉండాలనుకునే ఎడిటర్‌కి నేను మొదట చెప్పే కార్డ్.

దాని పై మెట్టు 5070. ఇది నాకు అంతగా మింగుడుపడదు. గేమ్స్‌లో 5060 టీఐ కంటే స్పష్టంగా వేగంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మెమరీ 12 జీబీయే. అంటే ఎక్కువ డబ్బు పెట్టి, ఎడిటింగ్‌కి కావాల్సిన మెమరీ తగ్గించుకుంటున్నాం. గేమింగ్ వాటా ఎక్కువైతే 5070, ఎడిటింగ్ వాటా ఎక్కువైతే 16 జీబీ 5060 టీఐ, కాస్త సాగదీయగలిగితే నేరుగా 5070 టీఐ. 5070 టీఐలో 16 జీబీతో పాటు ఎక్స్‌పోర్ట్ ఫైల్ తయారు చేసే ఎన్‌కోడర్లు రెండుంటాయి, కింది కార్డుల్లో ఒక్కటే. మూడు గంటల పెళ్లి ఫుల్ వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు రెండో ఎన్‌కోడర్ విలువ తెలుస్తుంది. డీకోడర్ మాత్రం దీనిలోనూ ఒక్కటే. నాలుగైదు కెమెరాల మల్టీక్యామ్ పెట్టుకున్నప్పుడు ఆ ఒక్క డీకోడర్ పరిస్థితి, బంతి మొత్తానికీ వడ్డించేవాడు ఒక్కడే ఉన్నట్టు. రెండు డీకోడర్లు కావాలంటే 5080కి వెళ్లాలి. అంత డబ్బు పెట్టే బదులు మల్టీక్యామ్‌కి ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికపాటి నకలు ఫైళ్లు, తయారు చేసుకోవడం తెలివైన పని. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీ పెట్టేస్తే పొద్దున్నకి రెడీగా ఉంటాయి.

ఇంటెల్ ఆర్క్ బీ580 గురించి కూడా చెప్పాలి. 12 జీబీ మెమరీ, తక్కువ ధర, పైగా ఇంటెల్ కాబట్టి హెచ్.265 4:2:2ని చదువుతుంది. పాత ప్రాసెసర్‌తో జోడిస్తే మాత్రం గేమ్స్‌లో దాని వేగం బాగా పడిపోతుంది. కొత్త సిస్టమ్‌లో, చిన్న బడ్జెట్‌లో, గేమ్స్ అప్పుడప్పుడు ఆడేవాళ్లకు సరిపోతుంది.

ప్రాసెసర్ దగ్గరే అసలు పేచీ

ఎడిటింగ్‌కి కోర్లు ఎక్కువ కావాలి. గేమ్స్‌కి ఎనిమిది మంచి కోర్లు, పెద్ద క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) చాలు. రెండు దారులూ విడిపోయేది ఇక్కడే.

రైజెన్ 7 9800ఎక్స్3డీ 2024 నవంబర్‌లో వచ్చింది. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్. గేమ్స్‌లో దీని దరిదాపుల్లోకి ఇంటెల్ రాలేకపోయింది. కానీ ఆ క్యాష్ వల్ల ఎక్స్‌పోర్ట్ టైమ్ పెద్దగా తగ్గదు. అదే డబ్బుకి, చాలాసార్లు అంతకన్నా తక్కువకే, కోర్ అల్ట్రా 7 265కె వస్తుంది. దానిలో 8 పెద్ద కోర్లు, 12 చిన్న కోర్లు, క్విక్ సింక్ కూడా ఉంటాయి. ఎడిటింగ్‌లో ఇది ముందుంటుంది, గేమ్స్‌లో 9800ఎక్స్3డీ వెనకే ఉంటుంది.

ఎంత వెనక అన్నది మీరు ఏం ఆడతారన్న దాని మీద ఆధారపడుతుంది. 1080పీ మానిటర్ మీద 240 హెర్ట్జ్‌లో వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవాళ్లకు ఎక్స్3డీ తేడా బాగా తెలుస్తుంది. 1440పీలోనో, 4కేలోనో సైబర్‌పంక్ లాంటి గేమ్ సెట్టింగులన్నీ పెంచి ఆడేటప్పుడు కష్టమంతా కార్డ్‌దే. అప్పుడు ఈ రెండు ప్రాసెసర్ల మధ్య తేడా కంటితో పట్టుకోవడం కష్టం. పెళ్లిళ్లు ఎడిట్ చేసుకునేవాళ్లు ఎలాగూ పెద్ద 1440పీ లేదా 4కే మానిటర్ మీదే ఉంటారు కాబట్టి, ఎక్స్3డీ కోసం అదనంగా పెట్టే డబ్బు కార్డ్ మీద పెట్టమంటాను.

మరి 265కె యేనా? కార్డ్ 50 సిరీస్ అయితే క్విక్ సింక్ లేకపోయినా పని ఆగదు కాబట్టి, రైజెన్ 9 9900ఎక్స్ కూడా సరైన పోటీదారే. 12 కోర్లు, ఏఎమ్5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). ఏఎమ్5కి 2027 దాకా, ఆపైన కూడా మద్దతు ఉంటుందని ఏఎమ్‌డీ ప్రకటించింది. దీని ముందుది ఏఎమ్4. 2017లో బోర్డు కొన్నవాళ్లలో చాలామంది 2022లో బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి అదే బోర్డులో 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. ఇంటెల్‌లో ఆ వెసులుబాటు తక్కువ. ఎల్‌జీఏ1700 సాకెట్ 12, 13, 14 తరాలతో ఆగిపోయింది. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే అలవాటున్నవాళ్లు ఏఎమ్5 వైపు, పీసీ మొత్తం ఒకేసారి మార్చేవాళ్లు, కార్డ్ పాతదే వాడుకుంటూ హెచ్.265 4:2:2 ఎడిట్ చేసేవాళ్లు 265కె వైపు వెళ్లొచ్చు. 9950ఎక్స్3డీ అనేది 16 కోర్లు, పెద్ద క్యాష్ రెండూ ఇస్తుంది. డబ్బు సమస్య కానివాళ్లకు ఈ పేచీయే లేదు.

తక్కువ ధరలో పాత తరం ఇంటెల్ చూస్తున్నారా? రెండు జాగ్రత్తలు. పేరు చివర ఎఫ్ ఉన్న చిప్‌లలో, ఉదాహరణకి 12400ఎఫ్, 14400ఎఫ్, లోపలి గ్రాఫిక్స్ ఉండవు. గ్రాఫిక్స్ లేకపోతే క్విక్ సింకూ లేదు. ఎడిటింగ్ కోసం ఇంటెల్ కొంటూ కాస్త డబ్బు మిగులుతుందని ఎఫ్ చిప్ తీసుకుంటే, కొన్న కారణమే పోతుంది. రెండోది, 13, 14 తరాల్లో కె చిప్‌లు కొన్ని వోల్టేజ్ సమస్య వల్ల పాడయ్యాయి. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చి, ఆ ప్రాసెసర్లకు వారంటీ రెండేళ్లు పెంచింది. కొత్తది కొన్నా వెంటనే తాజా బయోస్ వేయించండి. వాడిన 13900కె, 14900కె లాంటివి ఎంత చవకగా దొరికినా ముట్టుకోకండి. లోపల ఎంత అరిగిందో బయటకు తెలియదు.

ర్యామ్: ఇప్పుడు నొప్పంతా ఇక్కడే

2025 చివరి నెలల నుంచి డీడీఆర్5 ర్యామ్ ధరలు రెట్టింపు దాటి పోయాయి. ఏఐ సర్వర్లకే ఫ్యాక్టరీల మెమరీ వెళ్లిపోతోంది. 2025 డిసెంబర్‌లో మెమరీ కంపెనీ మైక్రాన్ ఏకంగా క్రూషియల్ పేరుతో మామూలు కస్టమర్లకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అంతకుముందు "64 జీబీ వేసేయండి" అని తేలిగ్గా చెప్పేవాళ్లం. ఇప్పుడు చెప్పలేం.

4కే కటింగ్, గ్రేడింగ్, గేమ్స్ వరకు 32 జీబీ చాలు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టైటిల్స్, కంపోజిటింగ్ రోజూ చేసేవాళ్లకే 64 జీబీ అవసరం. ముందు 16 జీబీవి రెండు వేసుకుని తర్వాత ఇంకో రెండు కలుపుకుందాం అని చాలామంది అనుకుంటారు. ఏఎమ్5 బోర్డుల్లో నాలుగు స్టిక్స్ పెడితే అధికారిక వేగం 3600కి పడిపోతుంది. రెండు స్టిక్స్‌తో 6000 నడిచే చోట ఇది పెద్ద దెబ్బ, ముఖ్యంగా గేమ్స్‌లో. కాబట్టి 64 అవసరమని ముందే తెలిస్తే 32 జీబీవి రెండు తీసుకోవాలి. లేదంటే 32తో సరిపెట్టుకుని, ధరలు దిగాక మార్చుకోవాలి. బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎమ్‌పీ అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ కూడా తక్కువ వేగంతోనే నడుస్తుంది. అసెంబుల్ చేసిన కుర్రాడిని అది ఆన్ చేసి చూపించమని అడగండి.

స్టోరేజ్ లెక్క సులువు. 140 ఎంబీపీఎస్ ఫుటేజ్ గంటకి 63 జీబీ. మూడు కెమెరాలు, ఒక్కోటి నాలుగు గంటలు అంటే ఒక పెళ్లికి 750 జీబీ పైమాటే. విండోస్, సాఫ్ట్‌వేర్, గేమ్స్‌కి 1 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ, నడుస్తున్న ప్రాజెక్టులకు విడిగా 2 టీబీ ఎన్‌వీఎమ్‌ఈ, అయిపోయిన వాటికి హార్డ్ డిస్క్. ఎస్‌ఎస్‌డీల్లో జెన్ 4 తరం చాలు. జెన్ 5 డ్రైవ్ వేడెక్కుతుంది, ఎడిటింగ్‌లో దాని వేగం మనకు కనబడదు. క్యూఎల్‌సీ అనే చవక రకం ఎస్‌ఎస్‌డీలు ఖాళీగా ఉన్నప్పుడు వేగంగానే ఉంటాయి. నిండేకొద్దీ, పెద్ద ఫుటేజ్ ఒకేసారి కాపీ చేసేటప్పుడు బాగా మందగిస్తాయి. ప్రాజెక్టుల డ్రైవ్ టీఎల్‌సీ రకం అయ్యుండాలి. ఆల్బమ్, వీడియో ఇచ్చేశాక కూడా ఏడాది తర్వాత ఫోన్ చేసి "అన్నా, ఆ పెళ్లి వీడియో ఇంకోసారి ఇవ్వవా" అని అడిగేవాళ్లుంటారు, కాబట్టి రెండో హార్డ్ డిస్క్ మీద కాపీ ఉండాల్సిందే.

కరెంటు, ఎండ

ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) మీద మిగుల్చుకోవద్దు. 5060 టీఐకి 650 వాట్స్, 5070 టీఐకి 750 వాట్స్, 80 ప్లస్ గోల్డ్, పేరున్న కంపెనీది తీసుకోండి. కొత్త కార్డుల సన్న కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగాలి. సగం దిగితే వేడెక్కి కరిగిన సందర్భాలున్నాయి. యూపీఎస్ విషయంలో వీఏ అంకె చూసి మోసపోవద్దు. 600 వీఏ అంటే సుమారు 360 వాట్సే. పెద్ద కార్డ్ ఉన్న సిస్టమ్ రెండర్ మధ్యలో ఉండగా కరెంటు పోతే అది ఒక్క క్షణం కూడా నిలబెట్టలేదు. 1100 వీఏ, అంటే 660 వాట్స్ దాకా ఇచ్చేది పెట్టుకుంటే సేవ్ చేసి షట్‌డౌన్ చేసే టైమ్ దొరుకుతుంది. ఇంటి ప్లగ్‌లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే అది లేనట్టే.

265కె పూర్తి లోడ్‌లో 250 వాట్స్ దాకా తాగుతుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో దాన్ని చల్లబరచాలంటే 360 ఎంఎం లిక్విడ్ కూలర్, ముందంతా జాలీ ఉన్న కేబినెట్ కావాలి. 9900ఎక్స్ 120 వాట్స్ తరగతి చిప్, రెండు టవర్ల ఎయిర్ కూలర్‌తో నెగ్గుకొస్తుంది. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, అది ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుంది. ముందు గాజు పలకతో అందంగా కనిపించే కేబినెట్లు మన వాతావరణానికి పనికిరావు.

మదర్‌బోర్డ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రైజెన్‌కి బీ650 లేదా బీ850, రెండు ఎమ్.2 స్లాట్లు, ముందు యూఎస్‌బీ టైప్-సీ ఉంటే సరి. మానిటర్‌కి 27 అంగుళాల 1440పీ ఐపీఎస్, ఎస్‌ఆర్‌జీబీ రంగులు దాదాపు పూర్తిగా చూపించేది, 165 హెర్ట్జ్ పైన ఉంటే రెండు పనులకూ సరిపోతుంది. ఓఎల్‌ఈడీలో గేమ్స్ అద్భుతంగా ఉంటాయి కానీ, రోజుకు ఎనిమిది గంటలు టైమ్‌లైన్ ఒకే చోట కదలకుండా ఉంటే ఆ ముద్ర స్క్రీన్ మీద పడిపోయే ప్రమాదముంది.

నన్నడిగితే, పెళ్లి ఎడిటింగ్ ఎక్కువ, గేమ్స్ తక్కువ అయితే 9900ఎక్స్, 16 జీబీ 5060 టీఐ, 32 జీబీ ర్యామ్ కలిపి మొదలుపెడతాను. బడ్జెట్ పెరిగితే ముందు పెంచేది కార్డ్‌నే, 5070 టీఐకి. రాత్రిపూట పోటీ గేమ్స్ సీరియస్‌గా ఆడుతూ, పగలు ఫోన్, డ్రోన్ ఫుటేజ్‌తో యూట్యూబ్ వీడియోలు చేసేవాళ్లకు 9800ఎక్స్3డీ, 9070 ఎక్స్‌టీ జంటను దాటి చూడాల్సిన పని లేదు. బడ్జెట్ బాగా తక్కువైతే పేరు చివర ఎఫ్ లేని 12400, ఆర్క్ బీ580, ప్రాక్సీలు. గేమ్స్‌లో కొంత వేగం తగ్గుతుందని మాత్రం ముందే తెలుసుకోండి.

బిల్లు ప్రతి పార్టుకీ సీరియల్ నంబర్‌తో, జీఎస్‌టీతో తీసుకోండి. స్టూడియోకి జీఎస్‌టీ నంబర్ ఉంటే 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకోవచ్చు, అందుకే "బిల్లు లేకుండా తగ్గిస్తాం" అన్న బేరం మీకు నష్టమే. కార్డ్ బాక్స్ మీద భారతదేశ డిస్ట్రిబ్యూటర్ స్టిక్కర్ ఉందో లేదో చూడండి. బయటి దేశం నుంచి తెచ్చిన కార్డ్‌కి ఇక్కడి సర్వీస్ సెంటర్ వారంటీ ఇవ్వకపోవచ్చు. డబ్బు మొత్తం కట్టేముందు మీ సొంత క్లిప్‌లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, అసెంబుల్ అయిన సిస్టమ్ మీద అక్కడే టైమ్‌లైన్‌లో వేసి, వీడియో డీకోడ్ గ్రాఫ్ పైకి లేస్తోందో లేదో చూడండి. ఆ తర్వాత ఒక అరగంట ఎక్స్‌పోర్ట్ పెట్టించి, టెంపరేచర్ ఎక్కడ ఆగుతోందో రాసుకోండి. షాపులో ఏసీ ఉంటుంది కాబట్టి ఇంట్లో దానికి పది డిగ్రీలు కలుపుకోవాలి.